కిట్‌తో డిజిటల్ రేడియో తయారు చేసుకోవడం ఎలా?

తుఫాను గాలికి కరెంటు పోయి, సెల్ టవర్లూ మూగబోతే కోనసీమ ఇంట్లో పెన్సిల్ సెల్స్‌తో పలికే రేడియోకు ఎక్కడలేని విలువ వస్తుంది. దాన్ని మనమే బిగించుకుంటే, పాడైనా మనమే విప్పి చూసుకోవచ్చు.

ఎస్ఐ4732 చిప్ ఉన్న కిట్ ఎంచుకోండి. ఏరియల్ పట్టిన సంకేతాన్ని ఈ చిప్ అంకెల్లోకి మార్చి వడపోస్తుంది కాబట్టి, పాత సెట్లలోలాగా కాయిల్స్ తిప్పి సరిచూసే బాధ ఉండదు. వినిపించేవి మామూలు ఏఎం, ఎఫ్ఎం స్టేషన్లే. డీఆర్ఎం డిజిటల్ ప్రసారాలు దీనికి అందవు.

1. ముందు బోర్డు మీద రాగి నల్లబడిన చోట్ల ఇరేజర్‌తో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మన తేమకు, అంతర్వేది వైపైతే ఉప్పుగాలికి కూడా, రాగి త్వరగా నల్లబడుతుంది. నల్లబడిన చోట లెడ్ (టంకం) అతకదు. పైపులకు వాడే యాసిడ్ పేస్టు జోలికి మాత్రం పోవద్దు, అతుకులను తినేస్తుంది.

2. రెసిస్టర్లు, చిన్న కెపాసిటర్లు, సాకెట్లు, ఆ తర్వాత పెద్ద కెపాసిటర్లు: పొట్టివాటి నుంచి పొడుగువాటికి వెళ్లండి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు పొడుగు కాలు ప్లస్. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ మొనను కాలికీ, బోర్డు మీద దాని చుట్టూ ఉన్న రాగి ప్యాడ్‌కూ ఒకేసారి ఆనించి, అవి వేడెక్కాక లెడ్ తీగను ఆ రెండూ కలిసే చోట తాకించండి, మొనకు కాదు. కరిగిన లెడ్ మెరుస్తూ కాలి చుట్టూ వాలుగా పాకితే అతుకు కుదిరినట్టే. బూడిదరంగు ఉండలా కూర్చుంటే మళ్లీ వేడి చేయాల్సిందే.

3. రేడియో చిప్ మాడ్యూల్, దాన్ని నడిపే మైక్రోకంట్రోలర్ సాకెట్లలో పెట్టకముందే సెల్స్ వేసి మల్టీమీటర్‌తో కొలవండి. చిప్ సాకెట్ దగ్గర 3.3 వోల్టులు రావాలి. 5 వోల్టులు కనిపిస్తే అక్కడే ఆగండి. తొందరపడితే కిట్‌లో అన్నిటికన్నా ఖరీదైన ముక్క కాలిపోతుంది.

4. ఇక సెట్టింగులు. చాలామంది ఇక్కడే పొరబడి కిట్‌ను తిట్టుకుంటారు. మన దేశంలో మీడియం వేవ్ (ఏఎం) స్టేషన్ల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్, అమెరికాలో 10. అమెరికా లెక్కే ఉంచేస్తే ట్యూనింగ్ 830 నుంచి 840కి దూకుతుంది. మధ్యలో 837 మీద ఉన్న విజయవాడ ఆకాశవాణి తప్పిపోతుంది. ఎఫ్ఎం డీ-ఎంఫసిస్ (కీచు స్వరాలను తగ్గించే సెట్టింగు) కూడా 50 మైక్రోసెకన్లకు మార్చండి, లేదంటే గొంతు మందంగా వినిపిస్తుంది.

5. మీడియం వేవ్‌కు ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ కడ్డీని అడ్డంగా పడుకోబెట్టి అమర్చాలి. దాని కొనల వైపు నుంచి వచ్చే స్టేషన్ సరిగా వినపడదు. అమలాపురానికి విజయవాడ పడమర, కాబట్టి కడ్డీ ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. స్టీలు డబ్బాలో బిగిస్తే కడ్డీకి ఏమీ అందదు. తాపేశ్వరం కాజాలు తెచ్చిన ప్లాస్టిక్ డబ్బా ఖాళీ అయితే అదే చాలు. ఎఫ్ఎంకు ముప్పావు మీటరు తీగ సరిపోతుంది.

గరగర వస్తే చుట్టుపక్కల ఎల్ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు ఒక్కొక్కటిగా ఆపి చూడండి. షార్ట్ వేవ్ కోసం కొబ్బరి చెట్ల మధ్య తీగ లాగదలిస్తే కరెంటు తీగలకు దూరంగా లాగండి. ఉరుములు మొదలవక ముందే దాన్ని సెట్టు నుంచి ఊడదీయండి.