పదో తరగతి తర్వాత పని నేర్చుకోవాలంటే: ఐటీఐనా, పాలిటెక్నిక్కా, అప్రెంటిస్‌షిప్పా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం రోజులు చాలా ఇళ్లలో ఒకే వాదన నడుస్తుంది. కాలేజీలో చేర్చకపోతే నలుగురిలో చిన్నతనమని ఒకరంటారు. తెలిసిన మెకానిక్ దగ్గర పెడితే రెండేళ్లలో చేతికి పని వస్తుందని ఇంకొకరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది గాని, ముందు అడగవలసిన ప్రశ్నను ఇద్దరూ వదిలేస్తారు. నేర్చుకోదలచిన పని ఏది, అది చేతికి వచ్చాక డబ్బిచ్చేది ఎవరు, వారు పనితనాన్ని చూసి పెట్టుకుంటారా లేక సర్టిఫికెట్టు చూసి పెట్టుకుంటారా అన్నది తేలితే, ఎక్కడ నేర్చుకోవాలన్న ప్రశ్న సగం తేలిపోయినట్టే.

అందుచేత చివరి నుంచి మొదటికి రావాలి. అబ్బాయికి కరెంటు పని మీద ఆసక్తి ఉందనుకుందాం. విద్యుత్ పంపిణీ సంస్థలు గతంలో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్ ఒకటి తీసి చదవండి. పదో తరగతితో పాటు ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ట్రేడులో ఐటీఐ (పారిశ్రామిక శిక్షణ సంస్థ) సర్టిఫికెట్టు గాని, ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ కోర్సు గాని ఉండాలంటారు. ఆ తర్వాత స్తంభం ఎక్కించి చూస్తారు. పదేళ్లుగా ఇళ్లకు వైరింగు చేస్తున్న మనిషి ఎంత వేగంగా స్తంభం ఎక్కగలిగినా, ఆ సర్టిఫికెట్టు లేకపోతే స్తంభం దాకా రానివ్వరు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి పదో తరగతితో ఐటీఐ గాని, చట్టబద్ధంగా పూర్తి చేసిన అప్రెంటిస్‌షిప్ గాని, డిప్లొమా గాని అడుగుతారు. ఇక విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డుకు వెళ్లి చూడండి. అక్కడ ఎవరూ సర్టిఫికెట్టు అడగరు. ఛానెల్ కోసి, అతికి, మూల మట్టం చూసే తీరును గంటసేపు గమనించి కూలి నిర్ణయిస్తారు. ద్విచక్ర వాహనాల మరమ్మతు, ఇళ్లలో వడ్రంగం, టైల్స్ పని కూడా దాదాపు ఇలాంటివే.

గల్ఫ్‌కు వెళ్లే ఆలోచన ఉన్న ఇళ్లలో ఒక విషయం ముందే తెలుసుకోవాలి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వెల్డర్లుగా, పైప్ ఫిట్టర్లుగా వెళ్లేవారికి ట్రేడ్ టెస్టులో చూసేది పనితనమే. కాని పదో తరగతి పాసవ్వని వారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (వలస అనుమతి తనిఖీ అవసరమైన) వర్గంలోకి వస్తుంది. అప్పుడు గల్ఫ్ దేశాలకు ఉద్యోగం మీద వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి వేరుగా తీసుకోవాలి. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మాన్పించి షెడ్డులో చేర్చేవారు ఈ ఒక్క చిక్కును తలచుకున్నా, ఇంకో ఏడాది ఓపిక పడతారని నా ఆశ.

ఇప్పుడు అప్రెంటిస్‌షిప్ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మన వాడుకలో దానికి రెండు అర్థాలున్నాయి. మేస్త్రీ దగ్గర చేరి, మొదట స్పానర్లు అందిస్తూ, టీ తెస్తూ, మెల్లగా పని అందుకోవడం ఒకటి. దీనికి ఒప్పందం లేదు, గడువు లేదు, చివర సర్టిఫికెట్టూ లేదు. రెండోది 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద నమోదయ్యేది. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్న సంస్థలు ఇష్టమైతే తీసుకోవచ్చు. ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరి, ప్రభుత్వ పోర్టల్లో నమోదై, దానికి ఒక సంఖ్య వస్తుంది. "మా కంపెనీలో అప్రెంటిస్‌గా వేసుకుంటాం" అని ఎవరైనా అంటే, అడగవలసిన మొదటి మాట ఆ ఒప్పందం సంఖ్య ఎప్పుడిస్తారన్నదే. ఇవ్వడానికి నీళ్లు నమిలితే, అది తక్కువ జీతపు కూలి పనికి పెట్టుకున్న పెద్ద పేరని అనుకోవచ్చు.

నమోదైన అప్రెంటిస్‌కు స్టైపెండ్ ఇవ్వాలి. 2019లో సవరించిన నిబంధనలు పది పాసైనవారికి నెలకు 6,000 రూపాయలు, ఐటీఐ సర్టిఫికెట్టు ఉన్నవారికి 7,000, డిప్లొమావారికి 8,000, పట్టభద్రులకు 9,000 కనీస మొత్తాలుగా పెట్టాయి. రెండో ఏడాది పది శాతం పెరుగుదల ఉండాలన్నాయి. ఇవి కనీస మొత్తాలే గనుక, ఒప్పందం మీద రాసిన అంకెనే చూసుకోవాలి. చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణార్థి, కార్మికుడు కాదు. కాబట్టి అలవెన్సులు, బోనస్ వంటివి ఆశించకూడదు. అయితే శిక్షణలో దెబ్బ తగిలితే కార్మికులకు వర్తించే నష్టపరిహార చట్టం ప్రకారం యజమాని బాధ్యత వహించాలి. ప్రభుత్వం నియమించే అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు కూడా. మేస్త్రీ షెడ్డులో గ్రైండింగ్ రాయి పగిలి కంట్లో పడితే ఆసుపత్రి ఖర్చు మేస్త్రీ మంచితనం మీద ఆధారపడుతుంది. రెండు రకాల అప్రెంటిస్‌షిప్‌ల మధ్య అసలు తేడా ఇదే.

ఐటీఐలో దొరికేది ఏమిటో చెప్పడానికి ఫిట్టర్ ట్రేడునే తీసుకుంటాను, నేను చదివింది అదే గనుక. మొదటి వారాలన్నీ ఫైలింగే. ఇనుప ముక్కను వైస్‌లో బిగించి ఆకురాయితో రాకుతూ ఉండాలి. చూసేవారికి ఇందులో నేర్చుకోవడానికి ఏముందనిపిస్తుంది. రాకిన ముక్కకు ట్రైస్క్వేర్ (మూలమట్టం) ఆనించి కిటికీ వైపు ఎత్తి పడితే, రెండు కొనల దగ్గర సన్నని వెలుగు గీతలు కనిపిస్తాయి. మధ్య భాగం ఉబ్బి ఉందన్నమాట. ఆకురాయిని నేరుగా తోయకుండా ఊయలలా ఊపడం వల్ల కొత్తవారందరికీ వచ్చే తప్పు ఇది. దాన్ని సరిచేసుకోవడానికి నాకు పద్దెనిమిది రోజులు పట్టింది. పని ఒత్తిడి మీద ఉన్న ఏ ఫ్యాక్టరీ అయినా ఒక కుర్రవాడికి పద్దెనిమిది రోజులు ఇనుము పాడుచేసే అవకాశం ఇస్తుందా? తప్పు చేయడానికి తగినంత సమయం, తగినంత సరుకు ఇవ్వడమే శిక్షణ సంస్థ అసలు పని. డ్రాయింగు చదవడం, కొలతలు, వర్క్‌షాప్ లెక్కలు అదనంగా వస్తాయి. మేస్త్రీ దగ్గర నేర్చుకున్నవారు నలభయ్యో ఏట బాధపడేది సాధారణంగా ఈ డ్రాయింగు దగ్గరే.

అక్కడ దొరకనిది వేగం. రోజుకు ఇన్ని ముక్కలు తీయాలన్న ఒత్తిడి, మధ్యాహ్నం మిషన్ ఆగిపోతే ఏం చేయాలన్న తెలివి, షిఫ్టు మారేటప్పుడు పక్కవాడికి పని అప్పగించే పద్ధతి ఐటీఐలో రావు. పైగా ఐటీఐలన్నీ ఒక్కలా ఉండవు. మా బంధువుల అబ్బాయి ఒక ప్రైవేటు సంస్థలో వెల్డర్ ట్రేడులో చేరితే ఏడాది మొత్తానికి అతని చేతికి వచ్చిన రాడ్లు రెండు ప్యాకెట్లు నిండవు. పరీక్ష రోజున రాడ్డు ప్లేటుకు అంటుకుపోతే విడిపించడం కూడా రాలేదు. అందుచేత చేరే ముందు కేంద్ర ప్రభుత్వ డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్ గుర్తింపు ఆ ట్రేడుకు ఉందో లేదో చూసుకోవడంతో పాటు, పని జరిగే వేళ వర్క్‌షాపులోకి స్వయంగా వెళ్లాలి. వెల్డింగ్ షాపులో చెత్త డబ్బాలోకి తొంగి చూడండి: కాలిపోయిన రాడ్ల మొదళ్లు నిండుగా ఉంటే అక్కడ పని జరుగుతోంది. లేత్ కింద ట్రేలో ఇనుప చుట్టలు కనిపించాలి. మిషన్ల మీద కవరు, దాని మీద దుమ్ము ఉంటే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. అమ్మాయిని చేర్చేవారు బస్సు వేళలు, హాస్టల్, మహిళలకు వేరే మరుగుదొడ్డి ఉన్నాయా అన్నది కూడా ఆ పూటే కళ్లారా చూసుకోవాలి.

పాలిటెక్నిక్ సంగతి వేరు. పాలిసెట్ ప్రవేశ పరీక్ష రాసి చేరే మూడేళ్ల డిప్లొమా పనిని చేసేవారికన్నా పనిని చేయించేవారిని తయారు చేస్తుంది. పాఠ్యప్రణాళికలో ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ ఉన్నా, సిద్ధాంతం పాలే ఎక్కువ. లెక్కలు బాగా వచ్చి, సూపర్‌వైజర్ స్థాయిలో మొదలుపెట్టి, ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లాలనుకునేవారికి ఇది సరైన దారి. చేత్తో పని చేయడమే ఇష్టమైన పిల్లవాణ్ణి పరువు కోసం డిప్లొమాలో కూర్చోబెడితే, బ్యాక్‌లాగులు మిగిలి పని రాకుండా పోతుంది. హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి చోట్ల, పరికరాలు, అచ్చులు తయారుచేయడం నేర్పే టూల్ అండ్ డై డిప్లొమా దీనికి మినహాయింపు. అక్కడ మిషన్ దగ్గర గడిపే కాలం ఎక్కువ.

ఇన్ని చెప్పాక నా అభిప్రాయం దాచుకోను. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, టర్నర్, మెషినిస్ట్ వంటి ట్రేడులకు ముందు రెండేళ్లు ప్రభుత్వ ఐటీఐ, తర్వాత ఒక పెద్ద సంస్థలో ఏడాది అప్రెంటిస్‌షిప్ అన్న వరుసే మేలు. రెండింటిలో ఒకటి ఎంచుకోవాలన్న ఆలోచనే ఇక్కడ పొరపాటు. ఒకదాని లోటును ఇంకొకటి తీరుస్తుంది. దక్షిణ మధ్య రైల్వే వర్క్‌షాపులు, విశాఖ నేవల్ డాక్‌యార్డ్, బీహెచ్ఈఎల్, సింగరేణి, ఆర్టీసీ డిపోలు ఐటీఐ పాసైనవారిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటూ వచ్చాయి. రైల్వేలో పూర్తి చేసినవారికి ఇంకో లాభముంది: లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) నియామకాల్లో 20 శాతం పోస్టులు రైల్వే సంస్థల్లో అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవారికి కేటాయిస్తారు.

పది కాగానే నేరుగా నమోదైన అప్రెంటిస్‌షిప్‌లోకి వెళ్లడం ఎవరికి మంచిది? ఇంట్లో వెంటనే కొంత రాబడి కావలసినవారికి, దగ్గరలో మంచి ఐటీఐ లేనివారికి, బెంచీ మీద కూర్చుంటే నిద్ర వచ్చి మిషన్ దగ్గర నిలబడితే కళ్లు వెలిగే పిల్లలకు. 2019 నాటి కనీస స్టైపెండ్ పూర్తిగా అందిందనుకుంటే రెండేళ్లలో చేతికి వచ్చేది సుమారు లక్షన్నర. కొన్ని ఇళ్లకు అది చిన్న మొత్తం కాదు. ఐటీఐ చదవనివారికి మొదట బేసిక్ శిక్షణ ఇవ్వాలని చట్టమే చెబుతోంది గనుక, అది ఎక్కడ, ఎన్ని నెలలు, ఎవరు ఇస్తారో అడిగి తెలుసుకోవాలి. ప్రమాదకర పరిశ్రమల్లో చేరడానికి 18 ఏళ్లు నిండి ఉండాలన్నది మరచిపోకూడదు. కనుక పదిహేనేళ్లవాడికి కొన్ని ఫ్యాక్టరీల తలుపులు ఎలాగూ తెరుచుకోవు.

సంతకం పెట్టే ముందు ఒప్పందంలో ట్రేడు పేరు సరిగా ఉందా, గడువు ఎంత, ఆ తర్వాత జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్టు కోసం పరీక్షకు పంపుతారా అన్నవి చూడాలి. వెనుకటి బ్యాచ్ కుర్రవాళ్లు ఇద్దరిని గేటు బయట టీ కొట్టు దగ్గర పట్టుకుని, ఏడాదిలో ఎన్ని విభాగాల్లో పని చేయించారో అడగండి. ఏడాది పొడవునా ప్యాకింగులోనే నిలబెట్టారని వారు చెబితే, కంపెనీ పేరు ఎంత పెద్దదైనా అక్కడ ట్రేడు రాదు. గడువు ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన యజమానికి లేదు; ఇస్తామని నోటిమాటగా చెబితే దాని మీద ఇంటి లెక్కలు కట్టుకోవద్దు.

మేస్త్రీ దగ్గర చేరడమే కుదిరేవారు కూడా ఉంటారు. వారు మూడు జాగ్రత్తలు తీసుకుంటే చాలు: ముందు పది పాసవ్వడం, ఎన్నాళ్ల తర్వాత ఎంత కూలి ఇస్తారో పెద్దమనుషుల ముందు మాట్లాడుకోవడం, ఒకే మేస్త్రీ దగ్గర మూడేళ్లకు మించి ఉండకపోవడం. ఎందుకంటే మేస్త్రీకి తెలిసిన దాకానే శిష్యుడికి వస్తుంది. కార్బ్యురేటర్ బండ్ల దగ్గర ఆగిపోయిన మేస్త్రీ ఫ్యూయల్ ఇంజెక్షన్ నేర్పలేడు.

పరీక్షలు ముగిసి ఫలితాలు రావడానికి మధ్య కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. ఆ రోజుల్లో తెలిసినవారి షెడ్డులోనో చిన్న వర్క్‌షాపులోనో మూడు పూటలు పిల్లవాణ్ణి కూర్చోనివ్వండి. పని చేయించడానికి కాదు, చూడటానికి మాత్రమే. చెప్పులు కాకుండా మూసి ఉన్న బూట్లు వేయించి పంపండి. ఇనుము మోత, వేడి, గ్రీజు వాసన చూశాక కూడా మూడో రోజు ఎవరూ లేపకుండా లేచి తయారైతే, ఆ ట్రేడు పేరును ఐటీఐ దరఖాస్తులో మొదటి ఐచ్ఛికంగా రాయవచ్చు.