రంగూన్ వెళ్లిన ముత్తాత కాగితాలు పాడవుతున్నాయా?

ఉత్తరాంధ్ర, గోదావరి తీరాల్లో చాలా ఇళ్లలో, కుటుంబంలో మొదట రంగూన్ స్టీమరెక్కిన మనిషి కథ చెప్పుకుంటారు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి (ఇప్పటి మయన్మార్, రంగూన్ అక్కడి రేవు పట్నమే) వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు అక్కడినుంచి పారిపోయి వచ్చారు. కాలినడకన అడవులు దాటినవాళ్లే ఎక్కువ. అంత దూరం మోసుకొచ్చిన కార్డు ముక్కయినా, అంతకుముందే ఇంటికి చేరిన ఉత్తరమైనా ఇప్పుడు మన చేతుల్లో పాడవకూడదు.

మడతల దగ్గర విరిగిపోతోంది, గోధుమ రంగుకు తిరిగింది

ఆనాటి చౌక కాగితంలోని ఆమ్లం ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని పెళుసుగా మారుస్తుంది. బీరువా పైన, రేకు కప్పు కింద వేడికి ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. సెలో టేపు వేయకండి. దాని జిగురు పసుపు మరకై కాగితంలోకి దిగుతుంది, తర్వాత తీయడం కష్టం. లామినేషన్ అసలు వద్దు. వేడితో అతికిన ప్లాస్టిక్‌ను విడదీయాలంటే కాగితం చిరిగిపోతుంది. మడత విప్పి, ఒక్కో కాగితాన్ని యాసిడ్‌ఫ్రీ, అంటే ఆమ్లం లేని, కవరులో పరిచి పెట్టండి. విప్పుతుంటే విరిగేలా ఉంటే ఆపేయండి. పాత రికార్డులు దాచే ఆర్కైవ్స్‌లో, పెద్ద మ్యూజియాల్లో పాత కాగితాలను బాగుచేసే కన్సర్వేటర్లు ఉంటారు, అది వాళ్లు చేయాల్సిన పని.

అక్షరాలున్న చోటే చిల్లులు

ఇది పురుగుల పని కాకపోవచ్చు. కరక్కాయ, అన్నభేది కలిపి చేసిన సిరా కాగితాన్నే తినేస్తుంది. అక్షరం చుట్టూ గోధుమ రంగు అంచు కనిపిస్తే అదే. ఇంట్లో దీన్ని ఆపలేం. తేమ తగలకుండా ఉంచి, వెంటనే స్కాన్ చేయండి.

అంచుల్లో కొరికిన గుర్తులు, సన్నటి పొడి

చెదలో, వెండి రంగులో జారిపోయే సన్న పురుగులో చేరాయి. కలరా ఉండలు పురుగుల్ని కొంత దూరం ఉంచుతాయి గానీ లోపలున్న గుడ్లను నమ్మకంగా చంపవు. పైగా ఆ వాసన మనకీ మంచిది కాదు. మెత్తటి బ్రష్‌తో దులిపి, పొడిగా ఉన్న కాగితాలనే పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా కట్టి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక సంచి గది వేడికి వచ్చేదాకా విప్పకండి. ఫొటోలను, గాజు నెగటివ్‌లను ఇలా పెట్టకండి.

తుఫానులో పెట్టె తడిసింది

హుద్‌హుద్, తిత్లీ చూసిన తీరానికి ఇది కొత్త కాదు. రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. ఎండలో ఆరేస్తే కాగితం ముడుచుకుని సిరా వెలుస్తుంది. నీడలో, ఫ్యాన్ గాలికి, కింద అద్దుడు కాగితం వేసి ఆరబెట్టి, తడిసినప్పుడల్లా దాన్ని మార్చండి. కట్ట మొత్తం అతుక్కుపోతే బలవంతంగా విడదీయకుండా, బూజు పెరగకుండా తడిగానే ఫ్రీజర్‌లో పెట్టి నిపుణులకు చూపించండి. అద్దానికి అతుక్కున్న ఫొటోనూ లాగకండి, అద్దంతోనే స్కాన్ తీయించండి.

చదవలేకపోతున్నాం, ఏ ఏడాదో తెలియడం లేదు

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే సమస్య ఇది. కాగితం భద్రంగా ఉంటుంది, చదివే మనిషే మాయమవుతున్నాడు. పాత ఉత్తరాల్లో గొలుసుకట్టు రాత ఉంటుంది, పదాల మధ్య ఖాళీ ఉండదు. ఇంట్లో పెద్ద మామ్మగారో, పాత రికార్డులు చూసిన రిటైర్డ్ ఉద్యోగో ఉంటే ఈ వారమే వెళ్లి పైకి చదివించండి, ఫోన్‌లో రికార్డు చేయండి. ఫొటోలో ఎవరెవరున్నారో కూడా అప్పుడే అడగండి. వెనకాల పెన్నుతో రాయకండి, మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయండి.

ఉత్తరం మీద సంవత్సరం పేరు మాత్రమే ఉంటే తికమక తప్పదు. ‘ఈశ్వర’ అంటే 1937-38, అరవై ఏళ్ల ముందు 1877-78 కూడా ఈశ్వరే. ఇక్కడ స్టాంపు సాయం చేస్తుంది. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయింది. అప్పుడు ఐదో జార్జి బొమ్మ ఉన్న ఇండియా స్టాంపుల మీదే ‘బర్మా’ అని అచ్చు వేసి వాడారు. ఉత్తరం మీద అలాంటి స్టాంపు ఉంటే అది 1937 ఏప్రిల్‌కి ముందుది కాదు. అందుకే కవరును పారేయకండి, స్టాంపు కత్తిరించి ఎవరికీ ఇవ్వకండి. పోస్టాఫీసు ముద్ర, ఉత్తరాలు కట్టిన వరస, అన్నీ సాక్ష్యాలే. కట్ట విప్పేముందే ఆ వరసను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

కాగితాలు అన్నదమ్ముల మధ్య చీలిపోయాయి

ఆస్తి పంపకాల్లో ట్రంకుపెట్టె ఒకరికి, ఫొటోలు ఒకరికి పోతాయి. అందరినీ ఒక పండక్కి పిలిచి, ఎవరి దగ్గరున్నవి వాళ్లు తెస్తే, ఫ్లాష్ లేకుండా కిటికీ వెలుగులో లేదా 600 డీపీఐ స్పష్టతకు పెట్టిన స్కానర్‌తో రెండు వైపులా తీయండి. ఫైలు పేరులో సంవత్సరం, ఊరు, రాసినవాళ్ల పేరు పెట్టి, కనీసం మూడు ఇళ్లలో ఒక్కో కాపీ ఉంచండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే స్పష్టత తగ్గుతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపండి. అసలు కాగితాలు ఎవరింట్లో ఉన్నాయో అందరికీ తెలిసేలా ఒక జాబితా రాసి, దాన్నీ ఆ కాపీలతో పాటే పెట్టండి.