ఉబుంటు వేసే ముందు డి డ్రైవ్ సంగతి ఒక్కసారి చూస్కోండి

విండోస్ 10 కి 2025 అక్టోబర్ 14 తోని సపోర్ట్ అయిపోయింది గదా, అప్పటినుంచి మా నల్లగొండల పాత ల్యాప్‌టాప్ ఉన్నోళ్లు చానామంది ఉబుంటు (విండోస్ బదులు వేస్కునే ఉచిత లైనక్స్ ఓఎస్) వేస్కుంటం అంటున్నరు, మంచిదే, నేను కూడా అదే వాడుతున్న. కానీ పోయిన నెల మిర్యాలగూడల తెలిసిన ఫొటో స్టూడియో అన్న ఫోన్ చేసి "తమ్మీ, సిస్టమ్ ఆన్ అయితుంది గానీ డి డ్రైవ్ కనవడ్తలేదు" అన్నడు. ఆరేండ్ల పెండ్లి ఫొటోలు, వీడియోలు అన్నీ దాంట్లనే, వేరే కాపీ లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎరేజ్ డిస్క్ అనేది ముందే సెలెక్ట్ అయి ఉందంట, నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంట పోయిండు. ఆ ఫోన్ వచ్చినప్పటి నుంచి నాకు మనసు మనసుల లేదు, అందుకే ఇది రాస్తున్న.

ఆయనది తప్పు అని నేను అనను. ఎక్స్‌పీ కాలం నుంచి మనకు ఒకటే అలవాటు, సి ఫార్మాట్ కొట్టి కొత్త ఓఎస్ వేస్తరు, డి ల ఫైల్స్ భద్రంగ ఉంటయి. కానీ ఎరేజ్ డిస్క్ అంటే సి ఒక్కటే కాదు, మొత్తం డిస్క్. సి, డి, ఈ అని మనకు వేరేవేరే కనిపిస్తయి గానీ చాలా ల్యాప్‌టాప్‌లల్ల అవన్నీ ఒకటే పొలంల గట్లు పెట్టి పంచిన మడులు, ఎరేజ్ కొడితే గట్లన్నీ దున్నేసి ఒకటే మడి చేస్తది.

ఇన్‌స్టాలర్‌కు విండోస్ కనిపిస్తే అలాంగ్‌సైడ్ అనే ఆప్షన్ ఇస్తది, అంటే విండోస్ పక్కనే వేసుడు. బిట్‌లాకర్ (డిస్క్‌ల డేటాకు విండోస్ వేసే తాళం, అంటే ఎన్‌క్రిప్షన్) ఆన్ ఉన్నా, బయోస్‌ల (విండోస్ కంటే ముందు వచ్చే సిస్టమ్ సెట్టింగ్స్) స్టోరేజ్ మోడ్, అంటే డిస్క్‌ను నడిపే పద్ధతి, ఏహెచ్‌సీఐ కాకుండ ఇంటెల్ ఆర్ఎస్‌టీ ల ఉన్నా ఆ ఆప్షన్ రాకపోవచ్చు. అది కనిపించలేదంటే అక్కడనే ఆగి వెనక్కి రండి, ఉన్న ఆప్షన్లల్ల ఏదో ఒకటి కొట్టకండి. బయోస్‌ల మోడ్ కూడా తొందరపడి మార్చకండి, డైరెక్ట్ మారిస్తే విండోస్ బూట్ కాకపోవచ్చు.

మొదలు చేయాల్సింది బ్యాకప్. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ల కాపీ చేసి, రెండు మూడు ఫైల్స్ ఓపెన్ చేసి చూసి, దాన్ని పీకి పక్కకు పెట్టండి, ఇన్‌స్టాల్ అయ్యేదాక మళ్ల పెట్టొద్దు. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాస్కోండి. విండోస్ 11 24హెచ్2 కొత్తగ వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోని లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌లల్ల మనం అడగకున్నా అది ఆన్ అయితది, కాబట్టి "నేను పెట్టలేదు గదా" అనుకోకండి, సెట్టింగ్స్‌ల చూడండి, ఆన్ ఉంటే ఆఫ్ చేసి డిక్రిప్షన్ (ఆ తాళం తీసుడు) పూర్తిగ అయ్యేదాక ఆగండి.

ఉబుంటుకు జాగా మాత్రం విండోస్‌లనే తీయండి. డిస్క్ మేనేజ్‌మెంట్ ఓపెన్ చేసి సి మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్ (సి సైజు తగ్గించుడు). ఉబుంటుకు 25 జీబీ సరిపోతదంటరు గానీ నేనైతే 60 కి తక్కువ ఇయ్యను. వచ్చిన ఖాళీని అట్లనే వదిలేయండి, దానికి కొత్త డ్రైవ్ లెటర్ గిట్ల పెట్టొద్దు. ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేసి పూర్తిగ షట్‌డౌన్ చేయండి, లేకుంటే విండోస్ సగం నిద్రల ఉన్నట్టే. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలె, ఎండాకాలం మన దిక్కు కరెంట్ ఎప్పుడు పోతదో తెల్వది, పార్టిషన్ (డిస్క్‌ల ఒక మడి) సైజ్ మారేటప్పుడు పోతే చానా కష్టం.

ఇంకోటి, రెండు డిస్క్‌లు ఉన్నోళ్లు ఇది జాగ్రత్తగ చూడండి. విండోస్‌ల 476 జీబీ అని కనిపించే ఎస్ఎస్‌డీ ఉబుంటుల 512 అని వస్తది, 931 అనేది 1000 అని వస్తది, లెక్కపెట్టే పద్ధతి వేరు అంతే, డిస్క్ మారలేదు. డిస్క్ 0, డిస్క్ 1 అనే నంబర్లు నమ్మకండి, సైజు చూసి పోల్చుకోండి. వేరే డిస్క్‌తోని పని లేకుంటే దాని కేబుల్ పీకేసుడే నయం, విండోస్ ఇన్‌స్టాలర్ కూడా బూట్ ఫైల్స్ తీస్కపోయి ఇంకో డిస్క్‌ల పెట్టేస్తది ఒక్కోసారి.

ఇప్పుడు ఇన్‌స్టాలర్‌ల మాన్యువల్ తీస్కొని ఖాళీ జాగాను సెలెక్ట్ చేసి, ఫార్మాట్ రకం ఈఎక్స్‌టీ4 (లైనక్స్‌ది), మౌంట్ పాయింట్ స్లాష్ (/) అని పెట్టండి, అంటే ఉబుంటు మొత్తం ఆ జాగాల కూసుంటది. 100 ఎంబీ దగ్గర ఒక చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ కనిపిస్తది, విండోస్ బూట్ అయ్యేది దాంట్లకెల్లే, దాన్ని వాడుకోవాలె గానీ ఫార్మాట్ టిక్ పెట్టొద్దు. చివరికి రివ్యూ పేజీ వస్తది, అందరు దాటేసేది అదే. ఫార్మాట్ అయ్యేటియి అని ఏమేం రాసిందో ఒక్కొక్కటి చదవండి, మీరు కొత్తగ చేసింది తప్ప ఇంకోటి ఉంటే బ్యాక్ కొట్టండి, ఇన్‌స్టాల్ కొట్టేదాక ఏం పోదు.

ఉబుంటు సర్వర్ (సర్వర్ల కోసం ఉండే ఉబుంటు) వేసేటోళ్లకు ఉల్టా సమస్య, డిఫాల్ట్ ఎల్‌వీఎంల (డిస్క్ జాగాను పంచే ఒక పద్ధతి) 200 జీబీ దాటిన డిస్క్ అయితే రూట్‌కు, అంటే ఆ స్లాష్‌కు, 100 జీబీనే ఇస్తది, మిగిలింది ఊకె ఉంటది, స్టోరేజ్ పేజీల సైజ్ పెంచుకోండి.

ఇప్పటికే ఎరేజ్ అయిపోయినోళ్లు సిస్టమ్ వెంటనే ఆఫ్ చేయండి, అప్‌డేట్ గూడ చేయొద్దు. ఎస్ఎస్‌డీ అయితే ఫార్మాట్ అప్పుడే ట్రిమ్ అయితది, అంటే పాత డేటా జాగాను ఎస్ఎస్‌డీనే ఖాళీ చేస్తది, కాబట్టి దొరికేది తక్కువ. హార్డ్ డిస్క్ అయితే ఆశ ఉంది, దాన్ని తీసి ఇంకో సిస్టమ్‌కు పెట్టి, టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ (పోయిన పార్టిషన్లు, ఫైల్స్ వెతికే సాఫ్ట్‌వేర్లు) నడిపి, దొరికినవాటిని వేరే డిస్క్‌లకు తీస్కోవాలె. స్టూడియో అన్నది హార్డ్ డిస్క్ కాబట్టి రెండు రోజులు ఫొటోరెక్ నడిపితే ఫొటోలు చానావరకు వచ్చినయి, పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు, ఏ పెండ్లి ఎవరిదో ఒక్కొక్కటి చూసి ఇంక ఏరుతనే ఉన్నడు. పెద్ద వీడియోలు మాత్రం రాలే.