రాయగడ, కోరాపుట్ వైపు ఉండేవారు లారీ డ్రైవర్ కావాలంటే ఏం చేయాలి?

ఒడిశాలోని రాయగడలో మా వీధిలో సగం ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయిన కుర్రాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే. "అన్నా, హెవీ లైసెన్స్ ఎలా తీయించుకోవాలి? ఎంత ఇస్తే వస్తుంది?" మొదటి ప్రశ్నకు ఇక్కడ వివరంగా జవాబు చెబుతాను. రెండోది మాత్రం అడగొద్దని బతిమాలుతున్నాను. ఎందుకో ఘాట్ రోడ్డు సంగతి దగ్గరికి వచ్చేసరికి మీకే అర్థమవుతుంది.

ముందు వయసు, చదువు

కారు, జీపు లాంటి తేలిక వాహనాల లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. కిరాయికి సరుకు మోసే వాహనం, అంటే ట్రాన్స్‌పోర్ట్ వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. ఒకప్పుడు ఎనిమిదో తరగతి పాసై ఉండాలనే నిబంధన ఉండేది. 2019లో దాన్ని తీసేశారు. కాబట్టి సర్టిఫికెట్ లేదని ఎవరూ వెనక్కి తగ్గక్కర్లేదు. కానీ బోర్డులు, బిల్లులు చదవడం రావాలి. మన తెలుగు పిల్లలు చాలామంది ఒడియా గడగడా మాట్లాడతారు, చదవమంటే తడబడతారు. నెల రోజులు కూర్చుంటే ఆ అక్షరాలు వచ్చేస్తాయి, నేర్చుకోండి.

మొదటి మెట్టు: తేలిక వాహనాల లైసెన్స్

నేరుగా లారీకి లెర్నర్స్ (నేర్చుకునేటప్పుడు ఇచ్చే తాత్కాలిక లైసెన్స్) ఇవ్వరు. తేలిక వాహనాల లైసెన్స్ చేతికొచ్చి కనీసం ఏడాది గడిచాకే ట్రాన్స్‌పోర్ట్ వాహనానికి లెర్నర్స్ ఇస్తారు. మోటారు వాహనాల చట్టం, 1988లోనే ఈ నియమం ఉంది. అందుకే 18 నిండగానే మొదటి లైసెన్స్ తీసుకుంటే 20 వచ్చేసరికి దారి సిద్ధంగా ఉంటుంది. చాలామంది ఇక్కడే రెండేళ్లు పోగొట్టుకుంటున్నారు.

దరఖాస్తు కేంద్ర రవాణా శాఖవారి పరివాహన్ వెబ్‌సైట్‌లోని సారథి విభాగంలో పెట్టాలి. మీరు ఉండేది ఒడిశాలో అయితే ఒడిశానే ఎంచుకోవాలి. అమ్మమ్మగారి ఊరు పార్వతీపురం అయినా సరే, నివాసం ఎక్కడుంటే ఆ రాష్ట్రంలోనే పెట్టాలి. లెర్నర్స్ ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టుకు వెళ్లాలి.

ఇంకో మంచి కబురు. మొత్తం బరువు 7,500 కిలోలు మించని చిన్న రవాణా వాహనాలను తేలిక వాహనాల లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 20 నిండినవారు లారీ శిక్షణకు వెళ్లేముందు కొంతకాలం పికప్ వ్యాన్ నడిపితే లోడుతో బండి ఎలా ప్రవర్తిస్తుందో ఒంటికి తెలుస్తుంది. గ్యాస్, పెట్రోలు లాంటి ప్రమాదకర సరుకుకు మాత్రం ఈ వెసులుబాటు లేదు.

రెండో మెట్టు: డ్రైవింగ్ స్కూల్

లారీ లైసెన్సుకు గుర్తింపు పొందిన డ్రైవింగ్ స్కూల్ ఇచ్చే ఫారం 5 సర్టిఫికెట్ తప్పనిసరి. నిబంధనల ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ వాహనాల శిక్షణ కనీసం 30 రోజులు సాగాలి, అందులో కనీసం 15 గంటలు స్టీరింగ్ మీ చేతిలో ఉండాలి.

నా అనుభవం చెబుతాను. నేను చేరిన స్కూల్లో ఖాళీ లారీతో మైదానంలో నాలుగు రోజులు చక్కర్లు కొట్టించి, అయిదో రోజున ఫారం 5 చేతిలో పెట్టారు. అప్పుడు సంబరపడ్డాను. ఆ తర్వాత లోడు బండి ఎక్కినప్పుడు రివర్స్‌లో అద్దం చూడటం కూడా రాక ఏడుపొచ్చింది. అందుకే ఫీజు కట్టేముందు అడగండి: రోజుకు ఎంతసేపు నేను నడుపుతాను? రోడ్డు మీదికి తీసుకెళ్తారా? ఎత్తు మీద ఆపి మళ్లీ ఎక్కించడం నేర్పిస్తారా? జవాబు నసిగితే వేరే స్కూల్ చూసుకోండి.

స్తోమత, సమయం ఉంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న అక్రెడిటెడ్ శిక్షణ కేంద్రం మేలు. 2021 జులై నుంచి ఈ పద్ధతి అమల్లో ఉంది. భారీ వాహనాల కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. అది పాసైనవారికి ఆర్టీఓ దగ్గర డ్రైవింగ్ టెస్టు నుంచి మినహాయింపు ఉంటుంది. ఒడిశాలో జాజ్‌పూర్ జిల్లా ఛతియాలో భారీ వాహనాల శిక్షణ సంస్థ ఉంది. మనకు దూరమే, అయినా వెళ్లదగిన చోటు.

మూడో మెట్టు: కాగితాలు, టెస్టు

లారీ లెర్నర్స్‌కు డాక్టరు సంతకంతో ఫారం 1ఏ, అంటే మెడికల్ సర్టిఫికెట్ కావాలి. 25 మీటర్ల దూరం నుంచి నంబరు ప్లేటు చదవగలగడం, ఎరుపు ఆకుపచ్చ రంగుల తేడా గుర్తించగలగడం, చెవి సరిగా వినిపించడం చూస్తారు. కళ్లద్దాలు ఉంటే దాచకండి, పెట్టుకునే వెళ్లండి. ఆధార్, పాత లైసెన్స్, ఫొటోలు సరేసరి. కేంద్ర నిబంధనల్లో లెర్నర్స్ ఫీజు 150, డ్రైవింగ్ టెస్టు 300, ఉన్న లైసెన్సులో కొత్త తరగతి చేర్చడానికి 500 రూపాయలు. దీనిపై రాష్ట్రం కొంత కలుపుతుంది.

టెస్టుకు లారీ మనమే తీసుకెళ్లాలి, మామూలుగా స్కూలువాళ్లు తెస్తారు. ఎత్తు మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించమంటారు. రివర్స్, గేర్లు మార్చడం, అద్దాలు చూడటం, సిగ్నల్ ఇవ్వడం అన్నీ చూస్తారు. నిజంగా నేర్చుకున్నవారికి ఇందులో టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు.

లైసెన్స్ వచ్చింది, ఘాట్ మిగిలింది

లైసెన్స్ రాగానే లోడు బండి అడగొద్దు. మా మామయ్య సాలూరులో చాలా ఏళ్లు లారీ నడిపాడు. సాలూరు అంటేనే లారీల ఊరు. బండి బాడీ కట్టడం దగ్గర్నుంచి టైరు దాకా అన్నీ అక్కడ దొరుకుతాయి. లైసెన్స్ తీసుకున్నాక కూడా ఆరు నెలలు నన్ను క్లీనర్ సీట్లోనే కూర్చోబెట్టాడు.

కోరాపుట్ నుంచి సాలూరు దిగే సుంకి ఘాట్ మొదట్లో ఓ రోజు బండి ఆపాడు. ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, "మీటరు చూడు" అన్నాడు. బ్రేకులను పనిచేయించే గాలి ప్రెషర్ ముల్లు మెల్లగా పైకి లేస్తోంది. అది నిండే వరకు కదల్లేదు. తర్వాత కిందికి దిగి, ఇనుప రాడ్డుతో ఒక్కో టైరు కొట్టి చప్పుడు విన్నాడు. తాళ్లు లాగి చూశాడు. ఎక్కి కూర్చున్నాక, "ఒరే, బ్రేకు మీద దిగకు, గేరు మీద దిగు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి" అన్నాడు.

సంగతి ఏమిటంటే, దిగువలో అదేపనిగా బ్రేకు తొక్కితే చక్రాల్లోని బ్రేకు డ్రమ్ములు, లైనర్లు కాలిపోయేంత వేడెక్కుతాయి. ముందు కాలిన వాసన వస్తుంది. ఆ తర్వాత పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. మాటిమాటికీ తొక్కి వదిలితే ట్యాంకులో గాలి కూడా తగ్గిపోతుంది. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజన్ పొగను అడ్డుకుని బండి వేగం తగ్గించేది) ఉంటే దానికి తోడవుతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎవరు చెప్పినా ఆ పని చేయకండి. కాలిన వాసన తగిలితే జాగా చూసి పక్కకు ఆపండి, చల్లారాక బయల్దేరండి. వేడి డ్రమ్ముల మీద నీళ్లు పోయకూడదు, పగుళ్లు వస్తాయి.

మొదటి ఘాట్ ప్రయాణాలు పగలే, పెద్ద డ్రైవర్ పక్కనుండగా చేయండి. నిద్ర ఆపుకుని నడపొద్దు. చట్టంలో రోజుకు పని 8 గంటలే. ఓనరు తొందరపెడితే "నిద్ర వస్తోంది" అని ఫోన్లో చెప్పేయండి. అలా చెప్పడానికి ధైర్యం కావాలని నాకు తెలుసు.

రెన్యువల్, ట్యాంకర్లు

ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ ఒక్కసారికి 5 ఏళ్లు చెల్లుతుంది. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు పెట్టవచ్చు. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ డ్రైవింగ్ టెస్టు పాసవ్వాలి. గడువు తేదీ దాటాక ఒక్క రోజు కూడా నడపకండి. లైసెన్స్ లేకుండా నడిపితే జరిమానా 5,000 రూపాయలు. అంతకన్నా పెద్ద దెబ్బ ఇన్సూరెన్స్ దగ్గర పడుతుంది. ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఓనరు నెత్తిన పడవచ్చు. అందుకే తెలివైన ఓనర్లు మీ లైసెన్స్ తేదీ చూశాకే తాళం ఇస్తారు.

పెట్రోలు, గ్యాస్, యాసిడ్ ట్యాంకర్లలో జీతం ఎక్కువ. వాటికి ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుతో పాటు మూడు రోజుల శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి. ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లిష్ కూడా చదవడం, రాయడం రావాలి. దీని గడువు 3 ఏళ్లే. ఏడాదో రెండేళ్లో మామూలు లోడు నడిపాకే అటు వెళ్లండి.

సరిహద్దు దాటేటప్పుడు

రాయగడ నుంచి పార్వతీపురం పావుపూట ప్రయాణమే అయినా రాష్ట్రం మారుతుంది. బయల్దేరేముందు ఆర్‌సీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, నేషనల్ పర్మిట్, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసేది), మీ లైసెన్స్ ఒక్కసారి చూసుకోండి. డిజిలాకర్‌లోని లైసెన్స్, ఆర్‌సీ చెల్లుతాయి. కానీ ఘాట్‌లో సిగ్నల్ ఉండదు, జిరాక్స్ కాపీలు కూడా దగ్గర ఉంచుకోండి. కాటా చీటీలో బరువు ఆర్‌సీలో రాసినదానికి మించితే బండి కదిలించకండి. ఓవర్‌లోడ్ జరిమానా 20,000 రూపాయలు, ఆ పైన టన్నుకు 2,000. ఘాట్ దిగేటప్పుడు ఆ అదనపు బరువంతా మీ బ్రేకుల మీదే పడుతుంది.