గేమింగ్ అప్‌గ్రేడ్: ముందు ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా?

గేమ్ ఆగి ఆగి నడుస్తుంటే ఎవరైనా ముందు చూసేది గ్రాఫిక్స్ కార్డుల రేట్లే. బడ్జెట్ తక్కువగా ఉన్నప్పుడు ఆ తొందర అస్సలు పనికిరాదు, ఎందుకంటే తప్పు పార్ట్ కొంటే రెండోసారి కొనడానికి చేతిలో డబ్బు మిగలదు. మీ పీసీలో గేమ్‌ని వెనక్కి లాగుతున్నది ఏదో ముందు తేల్చుకోండి. పైసా ఖర్చు లేని పని ఇది.

ఎమ్‌ఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతో పాటే వచ్చే రివాట్యూనర్ అనే రెండు సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేసుకోండి, గేమ్ నడుస్తుండగా పీసీ ఎలా పనిచేస్తోందో ఇవి అంకెల్లో చూపిస్తాయి. మీ కార్డ్ ఏ కంపెనీదైనా పనిచేస్తాయి. జీపీయూ (కార్డ్‌లోని చిప్) వాడకం, వీర్యామ్ (కార్డ్ సొంత మెమరీ), ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు), ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే సమయం) గ్రాఫ్, ఈ నాలుగూ స్క్రీన్ మీద కనిపించేలా పెట్టండి. గేమ్‌లో వీ-సింక్ (ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), ఎఫ్‌పీఎస్ లిమిట్ రెండూ ఆఫ్ చేయాలి. లేకపోతే కార్డ్ కావాలనే తగ్గి పనిచేస్తుంది, మీకు వచ్చే లెక్కంతా తప్పే. తర్వాత గేమ్ ఎక్కడైతే బాగా ఇబ్బంది పెడుతుందో సరిగ్గా అక్కడికే వెళ్లి ఆడండి, ఖాళీ మైదానంలో నిలబడి చూస్తే ఏమీ తెలియదు.

జీపీయూ వాడకం 95 శాతం దాటి ఉంటే మీకు కావాల్సింది కార్డే. అది 60, 70 దగ్గర ఊగుతూ ఎఫ్‌పీఎస్ కూడా తక్కువగా ఉంటే కార్డ్ ఖాళీగా ఎదురుచూస్తోందన్నమాట, దానికి పని అందించలేకపోతున్నది ప్రాసెసర్. ఇక్కడ చాలామంది టాస్క్ మేనేజర్ తెరిచి "ప్రాసెసర్ 40 శాతమే వాడుతోంది కదా, దానికేం ఢోకా లేదు" అనుకుంటారు. అది మోసం చేసే అంకె. 12 థ్రెడ్ల (అంటే ఒకేసారి 12 పనుల వరుసలు నడిపే) ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది 8 శాతమే. గేమ్ అసలు పని మాత్రం ఆ ఒక్క థ్రెడ్ దగ్గరే ఇరుక్కుని ఉండొచ్చు, పైగా విండోస్ దాన్ని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి మారుస్తూ ఉంటుంది కాబట్టి ఏ కోరూ నిండినట్టు కనిపించదు. అందుకే జీపీయూ అంకెనే నమ్మండి. ఇంకా డౌట్ ఉంటే రిజల్యూషన్‌ని 1080పీ నుంచి 720పీకి దించి చూడండి: ఎఫ్‌పీఎస్ ఒక్కసారిగా పెరిగితే కార్డ్, ఉన్నచోటే ఉంటే ప్రాసెసర్.

ఈ ఫలితం గేమ్‌ని బట్టి మారుతుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి తక్కువ సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ మీదే బతుకుతాయి, సైబర్‌పంక్ 2077లో సెట్టింగ్స్ పెంచేకొద్దీ కార్డ్ పని అయిపోతుంది. మీరు రోజూ ఆడే గేమ్‌లోనే చూసుకోండి, వేరేవాళ్ల బెంచ్‌మార్క్‌ని బట్టి కాదు.

కొనే ముందు ఇంకొకటి. ర్యామ్ ఒక్క స్టిక్కే ఉంటే అదే సైజు, అదే స్పీడ్ ఉన్న రెండోది కలిపి డ్యూయల్ చానల్ చేయండి, అంటే రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేస్తాయి. బయోస్‌లో (మదర్‌బోర్డ్ సొంత సెట్టింగ్స్‌లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడ్‌లో నడిపే సెట్టింగ్, ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి, ఆఫ్‌లో ఉంటే 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్ 2133 లేదా 2400 దగ్గరే నడుస్తూ ఉండొచ్చు. ప్రాసెసర్ సమస్య అనుకున్నది కొన్నిసార్లు ఇక్కడే తగ్గిపోతుంది.

సరే, ప్రాసెసరే మార్చాలని తేలింది. మీది ఏఎం4 (ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్ల సాకెట్) బోర్డ్ అయితే అదృష్టవంతులే. 2017లో మొదటి రైజెన్‌తో కొన్న 300 సిరీస్ బోర్డులకు కూడా 2022లో ఏఎమ్‌డీ 5000 సిరీస్ సపోర్ట్ ఇచ్చింది. బోర్డ్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్లి, సీపీయూ సపోర్ట్ లిస్ట్‌లో మీరు కొనబోయేది ఉందో లేదో, ఏ బయోస్ వెర్షన్ కావాలో చూడండి. పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. దాన్ని పీకేసి కొత్తది పెట్టాక గుర్తొస్తే స్క్రీన్ రాదు, అప్పుడు అనవసరమైన టెన్షన్.

నా మాట అయితే రైజెన్ 5 5600. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు, పాత బోర్డులకు కూడా పెద్ద భారం కాదు. పక్కనే 5500 కాస్త చవగ్గా కనిపిస్తుంది, కోర్లు కూడా అన్నే ఉంటాయి, కానీ దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 16 ఎంబీ, 5600ది 32 ఎంబీ. గేముల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది. పైగా 5500 పీసీఐఈ (కార్డ్‌కి, ప్రాసెసర్‌కి మధ్య డేటా దారి) 3.0 దగ్గరే ఆగిపోతుంది. 96 ఎంబీ క్యాష్ ఉన్న 5700ఎక్స్3డీ మంచి రేటుకి దొరికితే మాత్రం ఇంకేమీ ఆలోచించకండి.

ఇంటెల్‌లో సాకెట్ ఇంత కాలం నిలవదు. ఎల్‌జీఏ 1700 బోర్డ్ ఉంటే 12, 13, 14 తరాలు మూడూ పడతాయి, ఐ3-12100ఎఫ్ నుంచి ఐ5-12400ఎఫ్‌కి వెళ్తే 4 కోర్లు 6 అవుతాయి. అంతకంటే పాత బోర్డ్ అయితే ప్రాసెసర్‌తో పాటు బోర్డ్ కూడా మార్చాల్సి రావచ్చు, అప్పుడు ఖర్చు లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదని గుర్తుంచుకోండి, కార్డ్ పాడైన రోజు డిస్‌ప్లే రాదు.

ఇప్పుడు కార్డ్. బాక్స్ మీద పెద్దగా రాయని విషయం ఒకటుంది: కార్డ్ ఎన్ని పీసీఐఈ లేన్లు వాడుతుంది అనేది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ 4 లేన్లే వాడుతుంది, వీర్యామ్ 4 జీబీ. పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే దారి సగం అవుతుంది, ఆ కొంచెం వీర్యామ్ నిండగానే డేటా అంతా ఆ ఇరుకు దారిలోంచే వచ్చిపోవాలి, గేమ్ కుదుపులకు కారణం అదే. బీ450 లాంటి బోర్డులో ఏ ప్రాసెసర్ పెట్టినా స్లాట్ 3.0 వేగమే. కాబట్టి పాత పీసీకి చవకైన కార్డ్ అని ఎవరు చెప్పినా దీన్ని మాత్రం వద్దంటాను. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 4060, 5060 లకు 8 లేన్లు. 3.0లో కొంచెం నష్టం ఉన్నా వీర్యామ్ నిండనంతవరకు ఫర్వాలేదు, అంటే టెక్స్చర్స్ ఒక మెట్టు దించుకుని ఆడాలి.

1080పీకి బడ్జెట్ బాగా తక్కువైతే ఆర్‌ఎక్స్ 6600 ఇప్పటికీ నిలబడుతుంది. 132 వాట్లు, చాలా మోడల్స్‌కి ఒక్క 8 పిన్ పవర్ కేబుల్ చాలు. సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3060 చూస్తుంటే 12 జీబీదే తీసుకోండి, అదే పేరుతో 8 జీబీది కూడా ఉంది, దానిలో మెమరీ బస్ 192 బిట్ నుంచి 128కి తగ్గించారు, వేగం కూడా తక్కువే. ఇంకాస్త పెట్టగలిగితే ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ చూడండి, దానికి పూర్తి 16 లేన్లు ఉన్నాయి కాబట్టి పాత బోర్డులో కూడా ఇబ్బంది పడదు. ఆర్క్ బీ580 మంచి కార్డే, 12 జీబీ వీర్యామ్ ఉంది, కానీ దానికి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ వీర్యామ్ మొత్తాన్నీ ఒకేసారి అందుకునేలా చేసే బయోస్ సెట్టింగ్) తప్పనిసరి, ప్రాసెసర్ మీద భారం కూడా ఎక్కువ వేస్తుంది. రైజెన్ 5 2600 లాంటి దానికి జత చేయొద్దు.

పవర్ సప్లై దగ్గర మాత్రం కక్కుర్తి పడకండి. 80 ప్లస్ అనే ముద్ర కరెంట్ ఎంత వృథా అవుతుందో చెబుతుంది, లోపలి భాగాల నాణ్యత గురించి కాదు. పేరు తెలియని సప్లై మీద కొత్త కార్డ్ పెట్టాలనుకుంటే కార్డ్ ఒక మెట్టు దించి సప్లై మార్చండి. కేబుల్ చాలక మోలెక్స్ (పాత రకం 4 పిన్ కనెక్టర్) అడాప్టర్‌తో 8 పిన్ తయారు చేయాల్సి వస్తే ఆ సప్లై ఆ కార్డ్‌కి సరిపోదనే అర్థం. కేబినెట్‌లో కార్డ్ పొడవు పడుతుందో లేదో టేపుతో కొలుచుకోండి.

సెకండ్ హ్యాండ్ కార్డ్ అయితే డబ్బు ఇవ్వకముందే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో చూడండి. పాత చిప్ ఉన్న కార్డ్‌లోని బయోస్ మార్చి కొత్త పేరుతో అమ్మే కార్డులు ఉన్నాయి, వాటిలో చాలావాటిని అది పట్టేస్తుంది. తర్వాత అరగంట బరువైన గేమ్ నడిపి ఫ్యాన్ శబ్దం, వేడి, స్క్రీన్ మీద చుక్కలు గమనించండి. మైనింగ్ చేసిన కార్డ్ అన్నంత మాత్రాన వదిలేయక్కర్లేదు, ఈ పరీక్షలో నిలబడి రేటు అందుకు తగ్గట్టుంటే తీసుకోవచ్చు.

బిగించేటప్పుడు వేరే కంపెనీ కార్డ్‌కి మారుతుంటే పాత డ్రైవర్‌ని డీడీయూ అనే టూల్‌తో పూర్తిగా తీసేయండి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డ్‌కి కాదు, కార్డ్‌కే పెట్టాలి. ప్రాసెసర్ మార్చినా, బయోస్ అప్‌డేట్ చేసినా ఎక్స్‌ఎంపీ మళ్లీ ఆఫ్ అయి ఉండొచ్చు, ఇంకోసారి ఆన్ చేయండి, రీసైజబుల్ బార్ కూడా బయోస్‌లోనే ఉంటుంది. చివరగా విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి రిఫ్రెష్ రేట్ చూడండి, 144 హెర్ట్జ్ మానిటర్ 60 దగ్గరే ఉండిపోవడం చాలా మామూలు.