కీమో తర్వాత పిల్లిని ఇంట్లో కనిపెట్టుకోవడం

నల్లగొండ నుంచి హైదరాబాదు దాకా వెళ్ళి పిల్లికి కీమో సూది వేయించుకొచ్చినవారికి అసలు పని ఇంటికి చేరాకే మొదలవుతుంది. గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, పెదవులు నాక్కుంటూ, చొంగ కారుస్తూ మొహం తిప్పుకుంటే అది అలక కాదు, వికారం. అప్పుడు బలవంతంగా తినిపిస్తే ఆ తిండిపైనే దానికి విరక్తి పుడుతుంది కనుక, ముందు వైద్యుడు రాసిన వాంతుల మందు వేసి, కొంత ఆగి, ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని గోరువెచ్చగా, చెంచాడు చొప్పున పెట్టాలి. మన ఎండల్లో మిగిలినదాన్ని వెంటనే తీసేయాలి. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదముంది కాబట్టి వైద్యుడికి ఫోన్ చేయాలి.

సాధారణంగా సూది వేశాక 5 నుంచి 10 రోజుల మధ్య, రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు తగ్గుతాయి. అప్పుడు మందకొడిగా పడుకుని, జ్వరం 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే తెల్లవారేదాకా ఆగకూడదు. పారాసిటమాల్ మాత్రం చిన్న ముక్కైనా వేయరాదు, అది పిల్లికి ప్రాణాంతకం. కీమో మందు మలమూత్రాల్లో బయటికి వస్తుంది కనుక, సూది వేశాక కనీసం మూడు రోజులు వాటిని చేతితొడుగులతోనే ఎత్తాలి. గర్భిణులు ఆ పని చేయకూడదు. మీసాలు రాలితే కంగారు వద్దు, మళ్ళీ వస్తాయి.