యూకేలో మహిళా సంఘానికి వాలంటీర్‌గా వెళ్తున్నారా? ముందు ఇవి తెలుసుకోండి

డిపెండెంట్ వీసా మీద వచ్చిన కొత్తలో, ఆయన ఆఫీసుకు వెళ్ళాక నాలుగు గోడలూ చూస్తూ కూర్చోలేక లైబ్రరీకి పోయేదాన్ని. అక్కడి నోటీసు బోర్డు మీద చిన్న కాగితం కనిపించింది. ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్ళకు సాయపడే చారిటీకి భాషలు వచ్చినవాళ్ళు కావాలట. తెలుగు, హిందీ, కాస్త ఉర్దూ అని రాసిచ్చి వచ్చాను. ఇలాంటి సంఘాలు ఇక్కడ నిన్నమొన్నటివి కావు, లండన్‌లోని సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ 1979 నుంచీ ఉంది. మీ ఊళ్ళో ఏది దొరికినా, చేరే ముందు చారిటీ కమిషన్ రిజిస్టర్‌లో దాని పేరు వెతకండి. స్కాట్లండ్‌కు రిజిస్టర్ వేరే ఉంటుంది.

స్టూడెంట్ వీసా వాళ్ళకు ఒక మెలిక ఉంది. వారానికి 20 గంటల పరిమితి పెట్టినవాళ్ళకు జీతం లేని పని కూడా అందులోకే వస్తుంది. ‘ఫలానా రోజు ఇన్ని గంటలు చేసి తీరాలి’ అని ఒప్పందం ఉంటే దాన్ని వాలంటరీ వర్క్ అంటారు, అది పని కిందే లెక్క. అలాంటి కట్టుబాటేమీ లేకుండా చారిటీకి వెళ్ళి సాయం చేస్తే వాలంటీరింగ్, అది లెక్కలోకి రాదు. అనుమానముంటే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి, వాట్సాప్ గ్రూపులో కాదు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు కూడా రిజిస్టర్ అయిన చారిటీలో మొత్తం 30 రోజులు మించకుండా చేయొచ్చు. బస్సు టికెట్, మధ్యాహ్నం తిండి ఖర్చు రసీదు చూపిస్తే ఇస్తారు. మొహమాటపడకుండా తీసుకోండి. ఖర్చు కాని డబ్బు ఎవరైనా ఇవ్వబోతే మాత్రం వద్దనండి, అది జీతమవుతుంది.

చేరే ముందు మీ మీద నేర చరిత్ర ఏమైనా ఉందేమో చూసే డీబీఎస్ చెక్‌కు గత 5 ఏళ్ళ అడ్రసులన్నీ కావాలి, ఇండియావి కూడా. ఇంకా లోతుగా చూసే ఎన్‌హాన్స్‌డ్ చెక్ అయితే వాలంటీర్లకు డీబీఎస్ ఫీజు ఉండదు.

అరవై దాటిన కోఆర్డినేటర్‌ను పేరు పెట్టి పిలవడానికి నాకు రెండు నెలలు పట్టింది. మొదట్లో కుర్చీలు వేయడం, టీ పెట్టడం లాంటి పనులే ఇస్తారు. చిన్నబుచ్చుకోకండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే పెదవి విప్పని మనిషి, సింక్ దగ్గర పక్కన నిలబడి కప్పు తుడుస్తూ అంతా చెప్పేస్తుంది.

ఇక అనువాదం. అసలు తప్పు నేను అక్కడే చేశాను. (వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.) ఒక తెలుగమ్మాయి వచ్చింది. “మా ఆయన అప్పుడప్పుడూ చెయ్యి చేసుకుంటాడండీ” అంది, అదేదో మామూలు సంగతన్నట్టు. నేను ఆమె కేసు చూసే కేస్‌వర్కర్‌తో ఇంగ్లీషులో ‘ఆయనకు కోపం ఎక్కువట’ అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మనవాళ్ళ పరువు అనిపించిందేమో. కేస్‌వర్కర్ నావైపు చూడటం లేదు. ఆ అమ్మాయి మాట్లాడుతూ మాట్లాడుతూ ఎడమ దవడ తడుముకుంటోంది, ఆవిడ చూపంతా ఆ చేతి మీదే ఉంది. “ఆమె ఏమందో అదే చెప్పు” అంది మెల్లగా. కొడతాడని చెప్పాను. ఆవిడ ముందు పెట్టుకున్న 24 ప్రశ్నల ఫారం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ప్రమాదం ఎంతుందో ఆ ఫారంతోనే అంచనా వేస్తారు. నేను మెత్తబరిచిన ఒక్క మాటతో ఆ అంచనా తప్పేది.

‘సర్దుకుపోమ్మా’ అనకండి. ‘వదిలేసి వచ్చేయ్’ అని కూడా అనకండి. ఇల్లు వదిలే సమయమే చాలామందికి అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఎప్పుడు, ఎలా అన్నది శిక్షణ పొందినవాళ్ళు ఆమెతో కూర్చుని తేల్చుకోవాలి. మీ సొంత ఫోన్ నంబరు ఇవ్వకండి. ఆమెగానీ వాళ్ళ కుటుంబంగానీ మీకు ముందే తెలిసినవాళ్ళయితే వెంటనే కోఆర్డినేటర్‌కు చెప్పి తప్పుకోండి. ఇండియన్ గ్రోసరీ షాపులో ఎదురుపడితే మీరుగా పలకరించొద్దు. పక్కన అత్తగారుంటే, ‘ఈవిడ నీకెలా తెలుసు?’ అన్నదానికి ఇంటికెళ్ళాక జవాబు చెప్పుకోవాల్సింది ఆమె.

వీసా సలహా జోలికి అసలు పోకండి. ‘మా చెల్లికీ ఇలాగే అయింది, మీరు ఇలా అప్లై చేయండి’ అంటాం మనం, నోరు ఊరుకోదు. 1999 నాటి చట్టం ప్రకారం ఇక్కడ అర్హత, రిజిస్ట్రేషన్ లేకుండా ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వడం నేరం, చారిటీలో ఉచితంగా ఇచ్చినా సరే. మీరు చేయగలిగింది విని, రాసుకుని, సరైన అడ్వైజర్ దగ్గరికి చేర్చడం. ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ ఆర్థిక సాయం తీసుకోకూడదు) అని వీసాలో ఉంటే ఇక ఏ సాయమూ రాదని చాలామంది అనుకుంటారు. గృహహింస బాధితుల్లో కొందరికి 3 నెలల వెసులుబాటు ఉంది, ఎవరికి వర్తిస్తుందో అడ్వైజరే చెప్పాలి. ఇంకొకటి గమనించండి. ఇప్పుడు వీసా కార్డులు పోయి, ఆన్‌లైన్ అకౌంట్‌లో చూసుకునే ఈవీసాలు వచ్చాయి. ఆ అకౌంట్‌కు భర్త ఈమెయిలు, భర్త ఫోను పెట్టి ఉంటే, ఆమె తన వీసాను తనే తెరిచి చూసుకోలేకపోతుంది. ఈ మాట మీ చెవిన పడితే కేస్‌వర్కర్‌కు తప్పకుండా చెప్పండి.

మూడు నాలుగు నెలలు చేశాక రెఫరెన్స్ అడగండి, ఇక్కడి ఉద్యోగాలకు అది బాగా పనికొస్తుంది.

రెండు నంబర్లు కంఠతా పట్టండి. గృహహింస హెల్ప్‌లైన్ 0808 2000 247, ఉచితం, 24 గంటలూ ఉంటుంది. రెండోది 999, పోలీసులు, అంబులెన్స్ లాంటి అత్యవసర సాయానికి. మాట్లాడే వీలు లేకపోతే, మొబైల్ నుంచి 999 కొట్టి, అడిగినప్పుడు 55 నొక్కితే పోలీసులకు కలుపుతారు. 55 నొక్కినంత మాత్రాన ఎక్కడున్నారో వాళ్ళకు తెలిసిపోదు, అందుకని లైన్ కట్ చేయకుండా వాళ్ళు చెప్పేది వినాలి. ల్యాండ్‌లైన్‌కు ఈ 55 పనిచేయదు.